ర్యామ్ వేగం ఎంత వరకు? ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసేవారికి ఎంపిక సలహా

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలుచుకునే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, కొత్త సిస్టమ్ అసెంబుల్ చేయించుకుంటున్నవారి పక్కన కాసేపు నిలబడితే ఒక సంగతి తెలుస్తుంది. ప్రాసెసర్ గురించీ గ్రాఫిక్స్ కార్డు గురించీ అరగంట బేరమాడిన మనిషి, ర్యామ్ దగ్గరికి వచ్చేసరికి "అన్నా, దీనికన్నా స్పీడుది లేదా?" అన్న ఒక్క ప్రశ్నతో ముగించేస్తాడు. ప్రాసెసర్‌ను కంపెనీ ఇచ్చిన వేగంలోనే నడుపుకునేవారికి ఆ ప్రశ్న చాలు. ఓవర్‌క్లాక్ చేద్దామనుకునేవారు, అంటే ఆ వేగం దాటించి నడుపుదామనుకునేవారు, మాత్రం ఇంకొకటి కూడా అడగాలి: ఆ ర్యామ్ వేగాన్ని నా ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ (ర్యామ్‌తో డేటా ఇచ్చిపుచ్చుకునే భాగం) రోజంతా, ఎండాకాలంలో కూడా, ఒక్క బిట్ తప్పకుండా మోయగలదా? దీనికి జవాబు ర్యామ్ డబ్బా మీద అచ్చు వేసి ఉండదు. మనమే పరీక్షించి తెలుసుకోవాలి.

ఈ విషయం నాకు ఖరీదైన పాఠంగానే తెలిసింది. కొన్నేళ్ల క్రితం ఒక జనవరి రాత్రి, ఆరు కోర్ల (లెక్కలు చేసే భాగాల) ప్రాసెసర్‌ను అన్ని కోర్ల మీద 4.6 గిగాహెర్ట్జ్‌కు పెంచి, అదే కూర్చోవడంలో రెండు 8 జీబీ డీడీఆర్4 (ర్యామ్‌లో ఒక తరం, దాని తరువాతిది డీడీఆర్5) స్టిక్కుల 3600 ప్రొఫైల్‌ను, అంటే ర్యామ్ కంపెనీ ముందే రాసి ఉంచిన వేగం సెట్టింగును, కూడా ఆన్ చేశాను. రెండు నెలలు ఏ ఇబ్బందీ రాలేదు. మార్చి చివరి నుంచి బ్రౌజర్‌లో ట్యాబులు వాటంతట అవే మూసుకుపోవడం, వారానికొకసారి సిస్టమ్ రీస్టార్ట్ కావడం మొదలైంది. కోర్లకు వోల్టేజి చాలడం లేదనుకుని 1.25 నుంచి 1.30కి, తరువాత 1.35కి పెంచాను. ప్రాసెసర్ వేడి పెరిగిందే గాని రోగం తగ్గలేదు. చివరికి మా చెల్లెలి పెళ్లి ఫొటోలున్న జిప్ ఫైలును విప్పుతుంటే ఒకసారి సజావుగా తెరుచుకుంది, రెండోసారి సీఆర్‌సీ లోపం (డేటా సరిపోలడం లేదన్న సందేశం) చూపింది, మూడోసారి మళ్లీ తెరుచుకుంది. డిస్కు పాడైతే ప్రతిసారీ ఒకేచోట లోపం రావాలి. అదే ఫైలు ఒకసారి బాగుండి ఒకసారి బాగుండకపోతే, దారిలో ఉన్నది ర్యామే. కోర్ల వోల్టేజిని మొదటికి దించి, ర్యామ్‌ను 3200కు తగ్గించగానే అన్నీ సర్దుకున్నాయి. ఆ మధ్యలో కెమెరా కార్డు నుంచి కాపీ చేసుకున్న ఫొటోలలో పదకొండింటికి మాత్రం కింది సగం బూడిదరంగు పట్టీగా మారిపోయి ఉంది. కార్డును అప్పటికే ఫార్మాట్ చేసేశాను కాబట్టి అవి తిరిగి రాలేదు.

ర్యామ్ చేసిన తప్పు చాలాసార్లు ప్రాసెసర్ తప్పులా కనిపిస్తుంది. దాన్ని గుర్తించలేక కోర్ల వోల్టేజి పెంచుకుంటూ పోయేవారిని ఇప్పటికీ చూస్తున్నాను. ఏ వేగం ర్యామ్ కొనాలి, కొన్నదాన్ని ఎంతలో నడపాలి అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఈ ఒక్క సంగతి అర్థమైతేనే దొరుకుతుంది.

రెండు వేగాలకు సంబంధం ఎక్కడుంది

పాత తరం ఓవర్‌క్లాకర్లకు ఈ సంబంధం కళ్లకు కట్టినట్టు ఉండేది. ఇంటెల్ కోర్ 2 క్వాడ్ క్యూ6600 అసలు వేగం 2.4 గిగాహెర్ట్జ్, అంటే 266 మెగాహెర్ట్జ్ బస్సును (ప్రాసెసర్‌కూ మిగతా భాగాలకూ మధ్య దారి వేగాన్ని) 9 అనే గుణకంతో గుణించగా వచ్చేది. దాన్ని 3 గిగాహెర్ట్జ్‌కు తేవాలంటే బస్సును 333కు పెంచాలి, దానితో పాటే ర్యామ్ వేగమూ పెరిగేది. అందుకే అప్పటివారు ముందుగా మెమరీ నిష్పత్తిని తగ్గించి, ర్యామ్‌ను దాని హద్దుకు ఎంతో కింద ఉంచి, ప్రాసెసర్ ఎంత వరకు పోతుందో తేల్చుకున్నాకే ర్యామ్ జోలికి వెళ్లేవారు. ఆ క్రమం నేటికీ చెల్లుతుందని నా గట్టి అభిప్రాయం.

తరువాత మెమరీ కంట్రోలర్ మదర్‌బోర్డు చిప్‌సెట్ నుంచి ప్రాసెసర్‌లోకి మారింది. ఏఎమ్‌డీ 2003లో అథ్లాన్ 64తోను, ఇంటెల్ 2008లో మొదటి కోర్ ఐ7తోను ఆ పని చేశాయి. ఇప్పుడు కోర్ల గుణకం పెంచితే ర్యామ్ వేగం పెరగదు. అంత మాత్రాన రెండింటికీ సంబంధం తెగిపోయిందనుకోకూడదు, అది ప్రాసెసర్ లోపలికి చేరిందంతే. కోర్లూ కంట్రోలరూ ఒకే మూత కింద, ఒకే కూలర్ కింద ఉంటాయి. కోర్లకు వోల్టేజి పెంచి వేడెక్కిస్తే, పక్కనే ఉన్న కంట్రోలర్ హద్దు తగ్గుతుంది. ర్యామ్ వేగం పెంచి కంట్రోలర్‌కు వోల్టేజి ఎక్కువిస్తే, ఆ వేడిని కోర్లు కూడా పంచుకుంటాయి. ఒక్కొక్కటిగా పరీక్షిస్తే నెగ్గిన రెండు సెట్టింగులు కలిపి నడిపినప్పుడు ఓడిపోవడానికి కారణం ఇదే. ఇక గుణకాన్ని వదిలి బేస్ క్లాక్‌నే (గుణకంతో గుణించే మూల వేగాన్నే) పెంచేవారికైతే ర్యామ్ వేగం కూడా దానితో పాటే పెరుగుతుంది కనుక, పాతకాలపు జాగ్రత్తలన్నీ యథాతథంగా వర్తిస్తాయి.

వేగం పెరిగితే తప్పులు ఎందుకు పెరుగుతాయో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. డీడీఆర్4-3200 అంటే ఒక్కొక్క తీగ మీద సెకనుకు 320 కోట్ల బిట్లు, అంటే ఒక్కో బిట్‌కు దక్కే సమయం 312 పికోసెకన్లు. 3600లో అది 278కి తగ్గుతుంది. డీడీఆర్5-6000లో 167 మాత్రమే, 8000లో 125. ఆ సన్నని వ్యవధిలోనే సిగ్నల్ పైకి లేవాలి, నిలబడాలి, కంట్రోలర్ దాన్ని సున్నానో ఒకటో తేల్చుకోవాలి. మదర్‌బోర్డు మీది తీగల పొడవు, స్లాటు పట్టు, వోల్టేజిలో చిన్న వణుకు, వేడి వల్ల వచ్చే కొద్దిపాటి ఆలస్యం, ఇవన్నీ ఆ వ్యవధిలో నుంచే తమ వాటా తీసుకుంటాయి.

డబ్బా మీది అంకెను చదవడం

3600 అని రాసి ఉన్న స్టిక్ అసలు గడియారం (క్లాక్, అంటే లోపలి టిక్కుల వేగం) 1800 మెగాహెర్ట్జ్. ఒక్కో టిక్కుకు రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి 3600 అంటారు. టాస్క్ మేనేజర్‌లో ఒక అంకె, వేరే సాఫ్ట్‌వేర్‌లో దానిలో సగం కనిపించి కంగారు పడేవారికి వివరణ ఇంతే.

అంతకన్నా ముఖ్యమైనది, ఎక్స్‌ఎంపీ గాని ఎక్స్‌పో గాని (ర్యామ్ ప్రొఫైళ్ల పేర్లు ఇవి) ఆన్ చేయడం అంటే ఓవర్‌క్లాక్ చేయడమే. రైజెన్ 5000 ప్రాసెసర్లకు ఏఎమ్‌డీ ఒప్పుకున్న వేగం 3200, ఇంటెల్ 12వ తరానికి డీడీఆర్4లో 3200, డీడీఆర్5లో 4800. అంతకు మించి నడిపితే స్టిక్ తట్టుకుంటుందని ర్యామ్ కంపెనీ హామీ ఇస్తుంది గాని, మీ ప్రాసెసర్‌లోని కంట్రోలర్ తరఫున ఎవరూ హామీ ఇవ్వరు. "డబ్బాలోనే 3600 ఉంది కదా, ఎందుకు రాదు?" అని దుకాణదారుతో గొడవ పడే ముందు ఇది గుర్తుంచుకోవాలి. ఆ ప్రొఫైల్ వేగంతో పాటు వోల్టేజిని కూడా పెంచుతుంది. డీడీఆర్4 మామూలు వోల్టేజి 1.2 అయితే ప్రొఫైల్‌లో తరచుగా 1.35 ఉంటుంది, డీడీఆర్5లో 1.1 కాస్తా 1.35 దాకా, కొన్నింటిలో 1.4 దాకా పోతుంది.

అంకె పెద్దదైనంత మాత్రాన స్పందన త్వరగా వస్తుందని కాదు. సీఎల్ అంకెను (అడిగిన డేటా రావడానికి పట్టే టిక్కుల సంఖ్యను) 2000తో గుణించి, డబ్బా మీది వేగంతో భాగిస్తే ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. 3200 సీఎల్16కు అది 10 నానోసెకన్లు. 3600 సీఎల్18కు కూడా 10. డీడీఆర్5-6000 సీఎల్30కూ 10 నానోసెకన్లే. అదే 6000 వేగంలో చవకగా దొరికే సీఎల్36 తీసుకుంటే 12, 4800 సీఎల్40 అయితే 16.7. కనుక 3200 సీఎల్16 చేతిలో ఉన్నవారు 3600 సీఎల్18కు మారితే ఈ ఆలస్యం తగ్గదు. రెండు ఛానళ్ల (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య డేటా దారుల) బ్యాండ్‌విడ్త్ సెకనుకు 51.2 జీబీ నుంచి 57.6కు పెరుగుతుంది, అంతే. ఆ కాస్త కోసం పాతవి అమ్మి కొత్తవి కొనడం దండగని నేను చెబుతాను. కొత్తగా కొనేవారి విషయం వేరు.

రైజెన్ మీద డీడీఆర్4 వాడేవారికి

రైజెన్ 3000, 5000 ప్రాసెసర్లలో కోర్లున్న చిప్‌లెట్‌కూ (ప్రాసెసర్‌లోని చిన్న చిప్పుకూ) మెమరీ కంట్రోలర్ ఉన్న చిప్‌లెట్‌కూ మధ్య ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ అనే దారి ఉంటుంది. ఆ దారి గడియారాన్ని ఎఫ్‌క్లాక్ అంటారు. ర్యామ్ గడియారమూ, కంట్రోలర్ గడియారమూ, ఎఫ్‌క్లాకూ సమానంగా నడిచినప్పుడే ఆలస్యం తక్కువగా ఉంటుంది. 3600 ర్యామ్‌కు ఎఫ్‌క్లాక్ 1800 కావాలి, దాదాపు అన్ని చిప్పులూ దాన్ని అందుకుంటాయి. 3800కు 1900 కావాలి, అది కొన్నింటికే చేతనవుతుంది. 4000 స్టిక్కులు కొని సమాన గడియారాలు పొందలేక, కంట్రోలర్ సగం వేగానికి పడిపోతే, తక్కువ డబ్బులకు వచ్చే 3600 కన్నా నెమ్మదిగా నడిచే సిస్టమ్ మిగులుతుంది.

ఇక్కడ మోసపోవడానికి ఒక వీలుంది. ఎఫ్‌క్లాక్ హద్దు దాటినప్పుడు సిస్టమ్ వెంటనే పడిపోకపోవచ్చు. తప్పు జరిగిన ప్రతిసారీ హార్డ్‌వేర్ దిద్దుకుంటూ నడుస్తుంది, ఆటలో చిన్న తడబాటు, యూఎస్‌బీ పరికరం ఊడి మళ్లీ తగులుకోవడం వంటివి మాత్రమే పైకి కనిపిస్తాయి. విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి, డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో 19వ నంబరు హెచ్చరికలు వరుసగా ఉన్నాయేమో చూడండి. ఉంటే కోర్ల వోల్టేజిని ముట్టుకోకుండా ఎఫ్‌క్లాక్‌నూ ర్యామ్‌నూ కలిపి ఒక మెట్టు దించండి. 3600 తరువాత 3533, 3466 మెట్లు ఉన్నాయి, ఒకేసారి 3200కు పడిపోవలసిన పని లేదు.

కోర్లను ఓవర్‌క్లాక్ చేసే ఉద్దేశంతో ఈ తరంలో కొత్తగా కొనేవారికి నా సలహా 3600, వీలైతే సీఎల్16. 5800ఎక్స్3డీ వంటి ప్రాసెసర్ ఉన్నవారికి మాత్రం 3200 చాలు. అందులో 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ) ఉంది కనుక ర్యామ్ దగ్గరికి వెళ్లవలసిన అవసరమే తగ్గుతుంది. పైగా దాని గుణకానికి తాళం వేసి ఉంటుంది కాబట్టి కోర్లను పెంచే ప్రశ్నే రాదు.

డీడీఆర్5 తీసుకునేవారికి

రైజెన్ 7000 తరానికి ఏఎమ్‌డీ అధికారిక వేగం రెండు స్టిక్కులతో 5200, 9000 తరానికి 5600. అయితే 6000 దగ్గర ధర, వేగం, నిలకడ మూడూ కలుస్తాయని ఏఎమ్‌డీ స్వయంగా చెప్పింది. నా చేతుల మీదుగా అసెంబుల్ అయిన సిస్టమ్‌లలోనూ అదే కనిపించింది. అక్కడి వరకు కంట్రోలర్ ర్యామ్‌తో సమానంగా నడుస్తుంది. 6400లో అలా నడిచే చిప్పులు ఉన్నాయి గాని మీ చేతికి వచ్చినది అలాంటిదేనని ఎవరూ చెప్పలేరు. 7200, 8000 స్టిక్కులు పెడితే కంట్రోలర్ సగానికి మారుతుంది, ఆ నష్టాన్ని వేగంతో పూడ్చడానికే సగం శ్రమ సరిపోతుంది. కనుక ఈ వేదిక మీద 6000 సీఎల్30 తీసుకుని, మిగిలిన డబ్బు మంచి కూలర్ మీద పెట్టండి. ఓవర్‌క్లాక్‌కు ఆ కూలరే ఎక్కువ మేలు చేస్తుంది.

6400 కోసం ఎస్‌ఓసీ వోల్టేజిని (కంట్రోలర్‌కు వెళ్లే వోల్టేజిని) పెంచుకుంటూ పోవడం మాత్రం వద్దు. 2023 వసంతంలో కొన్ని రైజెన్ 7000 ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలిపోయిన సంఘటనల తరువాత ఏఎమ్‌డీ ఆ వోల్టేజికి 1.3 హద్దు పెట్టింది. పాత బయోస్‌తో (బోర్డును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌తో) ఉన్న బోర్డును సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవారు ఎక్స్‌పో ఆన్ చేయకముందే బయోస్‌ను అప్‌డేట్ చేసుకోవాలి.

కొత్త డీడీఆర్5 సిస్టమ్‌ను మొదటిసారి ఆన్ చేసినప్పుడు, లేదా ర్యామ్ సెట్టింగ్ మార్చినప్పుడు, తెర కొన్ని నిమిషాల పాటు నల్లగా ఉండిపోవచ్చు. మదర్‌బోర్డు ఆ సమయంలో స్టిక్కులకు తగిన కొలతలను వెతుక్కుంటూ ఉంటుంది, దీన్నే మెమరీ ట్రెయినింగ్ అంటారు. పాడైపోయిందని భయపడి మధ్యలో స్విచ్ కట్టేస్తే అది మళ్లీ మొదటికొస్తుంది. కరెంటు పోయే అలవాటున్న ప్రాంతంలో ఉండేవారు ఈ పనికి యూపీఎస్ పెట్టుకోవడం మంచిది.

ఇంటెల్‌లో ముందు చూడవలసినది చిప్‌సెట్. కోర్లను ఓవర్‌క్లాక్ చేయాలంటే కె అక్షరం ఉన్న ప్రాసెసర్‌తో పాటు జెడ్ రకం బోర్డు కావాలి. 2021 నాటి బీ560 నుంచి బీ రకం బోర్డులలో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు గాని కోర్లను పెంచలేరు. హెచ్610లో రెండూ కుదరవు. సీటీసీలో హెచ్610 బోర్డుతో పాటు 3600 స్టిక్కులను కలిపి అంటగట్టడం నేను చూశాను, ఆ అదనపు డబ్బు వృథా అయినట్టే.

ఇంటెల్ 11వ తరం నుంచి గేర్ అనే మాట వచ్చింది. గేర్ 1లో కంట్రోలర్ ర్యామ్‌తో సమానంగా, గేర్ 2లో సగం వేగంతో నడుస్తుంది. 12, 13, 14 తరాలలో డీడీఆర్4 వాడితే 3200 గానీ 3600 గానీ గేర్ 1లో నడపడమే మేలు. కె లేని ప్రాసెసర్లలో కంట్రోలర్‌కు వెళ్లే ఎస్ఏ వోల్టేజికి తాళం వేసి ఉంటుంది కాబట్టి, అక్కడ 3600 గేర్ 1 మొండికేస్తే 3200తో సర్దుకోవాలి, వేరే మార్గం లేదు. డీడీఆర్5 ఈ తరాలలో గేర్ 2లోనే నడుస్తుంది. నాలుగు స్లాట్ల మామూలు బోర్డు మీద 6000, 6400 తేలికగా నిలబడతాయి. 7200కు, ఆ పైకి వెళ్లాలంటే బోర్డు నాణ్యత మీద, అందులోనూ రెండే స్లాట్లున్న బోర్డుల మీద ఆధారపడవలసి వస్తుంది.

13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు ఉన్నవారు ర్యామ్‌ను అనుమానించేముందు ఇంకొక పని చేయాలి. ఆ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజి వల్ల కాలక్రమంలో నిలకడ కోల్పోతున్నాయని ఇంటెల్ 2024లో ఒప్పుకుని, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు విడుదల చేసింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణలున్న బయోస్ వేసుకున్నాకే ర్యామ్ పరీక్ష మొదలుపెట్టండి. అప్పటికే దెబ్బతిన్న చిప్పును ఆ సవరణ బాగుచేయదు, కాబట్టి అన్నీ మామూలు వేగానికి దించినా సిస్టమ్ పడిపోతుంటే వారంటీకి పంపడమే సరైనది.

రెండు స్టిక్కులా, నాలుగా

వేగం కన్నా ఈ నిర్ణయమే నిలకడను ఎక్కువ శాసిస్తుందని అనుభవం మీద చెబుతున్నాను. ఒక్కో ఛానల్ మీద రెండు స్టిక్కులు వేలాడితే కంట్రోలర్ మోసే బరువు పెరుగుతుంది, సిగ్నల్ మసకబారుతుంది. రైజెన్ 7000కు రెండు స్టిక్కులతో 5200 అని చెప్పిన ఏఎమ్‌డీయే నాలుగు స్టిక్కులతో 3600 మాత్రమే అని రాసిందంటే తేడా ఎంతో ఊహించవచ్చు. 32 జీబీ కావాలంటే 8 జీబీవి నాలుగు కాకుండా 16 జీబీవి రెండు, 64 కావాలంటే 32 జీబీవి రెండు తీసుకోవాలి. నాలుగు స్లాట్ల బోర్డులో వాటిని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టాలి. పక్కపక్కనే పెట్టించుకుని ఒక్క ఛానల్ మీద నెలల తరబడి నడిపినవారున్నారు.

మన దగ్గర ఇప్పుడొక స్టిక్ కొని, చేతిలో డబ్బు ఆడాక ఇంకొకటి కలుపుకోవడం అలవాటు. అందులో తప్పేమీ లేదు, కాని ఓవర్‌క్లాక్ చేసేవారికి అది పనికిరాదు. ఒకే పేరు, ఒకే మోడల్ నంబరు ఉన్న రెండు స్టిక్కుల మీద ఏడాది తేడాతో వేర్వేరు కంపెనీల చిప్పులు ఉండవచ్చు. శాంసంగ్ చిప్పులకు సరిపడిన కొలతలు హైనిక్స్ చిప్పులకు సరిపడకపోవచ్చు. జంటగా ఒకే డబ్బాలో వచ్చినవే కొనండి. అది కుదరకపోతే ర్యామ్‌ను మామూలు వేగంలో ఉంచి, కోర్ల మీద మాత్రమే ప్రయత్నం చేయండి.

హైదరాబాద్ ఎండ

జనవరిలో పరీక్షించి సంతృప్తి పడడమే నేను చేసిన అసలు పొరపాటు. ర్యామ్‌లో ఒక్కో బిట్ ఒక సూక్ష్మమైన కెపాసిటర్‌లో దాచిన విద్యుదావేశం, అది నిరంతరం కారిపోతూ ఉంటుంది. అందుకే కంట్రోలర్ దాన్ని మళ్లీ మళ్లీ నింపుతుంది. వేడి పెరిగితే కారడం పెరుగుతుంది. డీడీఆర్4లో మామూలుగా ఈ నింపే ఆదేశాలు 7.8 మైక్రోసెకన్లకొకటి చొప్పున వెళ్తాయి, చిప్పు వేడి 85 డిగ్రీలు దాటితే అంతకు రెట్టింపు తరచుగా వెళ్లాలని ప్రమాణం. వేగం కోసం ఈ వ్యవధిని చేత్తో పొడిగించి, మిగతా కొలతలను బిగించినవారికి 85 దాకా పోనక్కరలేదు, 50 దాటగానే తప్పులు రావడం నేను చూశాను. డీడీఆర్5 స్టిక్ మీద వోల్టేజిని సరిచేసే చిప్పు కూడా ఉంటుంది, దాని వేడి అదనం.

ఏసీ లేని గదిలో, డాబా కింద ఉన్న పై అంతస్తులో, మే నెల మధ్యాహ్నం గది వేడే 36, 37 డిగ్రీలు ఉంటుంది. జనవరి రాత్రి కన్నా అది పది పన్నెండు డిగ్రీలు ఎక్కువ. గది ఎంత పెరిగితే క్యాబినెట్ లోపల కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. దానికి తోడు గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడిగాలి నేరుగా స్టిక్కుల మీదికి పోతుంది. ప్రాసెసర్ పరీక్ష ఒక్కటే నడిపినప్పుడు గ్రాఫిక్స్ కార్డు చల్లగా ఉంటుంది కనుక రాత్రంతా పరీక్ష నెగ్గిన సిస్టమ్ ఆట మొదలుపెట్టిన అరగంటకు పడిపోతుంది. చలికాలంలోనే కొన్నవారు క్యాబినెట్ ముందువైపు ఫ్యాన్లను నెమ్మదిగా పెట్టి, గ్రాఫిక్స్ పరీక్షను కూడా కలిపి నడిపి, కొంతవరకు ఎండాకాలాన్ని తెచ్చుకోవచ్చు.

దేన్ని ముందు, దేన్ని తరువాత

మొదట ప్రొఫైల్ ఆపి, ర్యామ్‌ను మామూలు వేగంలో ఉంచి, కోర్లను మాత్రమే పెంచండి. ప్రైమ్95 అనే పరీక్ష సాఫ్ట్‌వేర్‌లో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్ష డేటాను దాదాపుగా క్యాష్‌లోనే తిప్పుతుంది, ర్యామ్‌తో దానికి పెద్దగా పని లేదు. ఇక్కడ పడిపోతే దోషం కోర్లదే, వోల్టేజి గురించి ఆలోచించవలసింది ఇప్పుడే. ఇది నెగ్గాక ఆ సెట్టింగును బయోస్‌లో ఒక పేరుతో దాచి, కోర్లను కంపెనీ వేగానికి తీసుకొచ్చి, ర్యామ్ ప్రొఫైల్‌ను ఆన్ చేయండి. పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 నాలుగు విడతలు, తరువాత విండోస్‌లో టెస్ట్‌మెమ్5 గానీ కార్హు గానీ నడపండి. ఒక్క తప్పు వచ్చినా తప్పే. వేలలో ఒకటేగా అని వదిలేయడానికి లేదు. నా పదకొండు ఫొటోలు పోయింది అలాంటి ఒకటీ అరా తప్పులవల్లే. రెండూ విడివిడిగా నెగ్గాకనే కలిపి, ప్రైమ్95 లార్జ్ ఎఫ్‌ఎఫ్‌టీ గానీ వై-క్రంచర్ గానీ నడిపి చూడండి.

పడిపోయిన తీరు కూడా కొంత చెబుతుంది. క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్ అన్న బ్లూ స్క్రీన్ ఎక్కువగా కోర్ల వోల్టేజి చాలనప్పుడు వస్తుంది. మెమరీ మేనేజ్‌మెంట్, పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా వంటివి ర్యామ్ వైపు వేలు చూపిస్తాయి. జిప్ ఫైళ్లు విప్పడంలో లోపాలు, ఇన్‌స్టలేషన్ మధ్యలో ఆగిపోవడం, ప్రోగ్రాములు ఏ సందేశమూ లేకుండా మూసుకుపోవడం కూడా ఆ కోవలోనివే. ఇవి సూచనలే గాని తీర్పులు కావు కనుక, చివరి మాట ఎప్పుడూ పరీక్షదే.

రెండూ కలిసి ఓడిపోతే దేన్ని వదులుకోవాలన్నది మీ పనిని బట్టి ఉంటుంది. బ్లెండర్‌లో రెండరింగ్ వంటి పనులు కోర్ల వేగం మీద ఆధారపడతాయి, ర్యామ్ వేగానికి పెద్దగా స్పందించవు. అలాంటివారు ర్యామ్‌ను మామూలు వేగానికి దగ్గరగా ఉంచి కోర్లను కాపాడుకోవాలి. 1080పీ తెర మీద ఎక్కువ ఫ్రేములు కోరి ఆడేవారికి, పెద్ద ఫైళ్లు కుదించేవారికి ర్యామ్ వేగం ఉపయోగపడుతుంది. వారు కోర్లలో 100 మెగాహెర్ట్జ్ వదులుకున్నా నష్టం తక్కువ. 4.6 నుంచి 4.5కు దిగితే పోయేది రెండు శాతమే కదా.

ఇంటి లెక్కలు, క్లయింట్ల వీడియోలు, ప్రాజెక్టు కోడ్ ఉన్న సిస్టమ్ అయితే ర్యామ్‌ను అధికారిక వేగం దాటించవద్దని నా విన్నపం. కోర్లు తప్పు చేస్తే చాలావరకు సిస్టమ్ పడిపోతుంది, మనకు తెలుస్తుంది. ర్యామ్ తప్పు చేస్తే ఆ తప్పు చడీచప్పుడు లేకుండా డిస్కు మీదికి చేరి, అక్కడి నుంచి బ్యాకప్‌లోకి కూడా పోతుంది. డీడీఆర్5 చిప్పుల లోపల ఈసీసీ (తప్పు బిట్లను దిద్దే ఏర్పాటు) ఉంది కదా అని ధైర్యపడేవారు, అది చిప్పు లోపలి బిట్లను మాత్రమే దిద్దుతుందని, స్టిక్ నుంచి ప్రాసెసర్ దాకా ఉన్న దారిలో జరిగే తప్పులను చూడలేదని తెలుసుకోవాలి. అధిక వేగం వల్ల తప్పులు జరిగేది ఎక్కువగా ఆ దారిలోనే.

సెట్టింగులన్నీ కుదిరాక బయోస్ తెరను ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి, బయోస్ అప్‌డేట్ చేస్తే దాచుకున్న ప్రొఫైళ్లు తరచుగా పోతాయి. ఏప్రిల్ మూడో వారంలో ఒక మధ్యాహ్నం రెండు గంటలకు, కిటికీ తలుపులు రోజూ ఎలా ఉంటాయో అలాగే ఉంచి, టెస్ట్‌మెమ్5ను మళ్లీ ఒకసారి నడపండి. తప్పు కనిపిస్తే ఏ వోల్టేజీ పెంచకుండా ర్యామ్‌ను ఒక మెట్టు దించి, అదే వేళకు మర్నాడు మళ్లీ నడపండి.